ఏడో పిన్ను

ఫ్యాక్టరీ స్టోర్‌లో రెండు డబ్బాలు ఉండాల్సిన చోట ఒక్క డబ్బాయే ఉందని చూసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా స్ఫూర్తి ఇంటికి వచ్చేసింది. పోయిన వారం మనం ఆమెను అక్కడే వదిలాం. ఆ డబ్బాలో ఉన్నవి బొటనవేలంత లావు పిన్నులు. థర్మల్ కరెంటు కేంద్రంలో యూనిట్ ఆపి బాయిలర్ లోపలి గొట్టాలు సరిచేసే రోజుల్లో, మనుషులు నిలబడి పైకి పోయే ఇనుప తొట్టి ఒకటుంటుంది. పనివాళ్లు దాన్ని జూలా అంటారు. జూలాను పైనుంచి వేలాడే ఇనుప తాళ్లకు పట్టి ఉంచేవి ఆ పిన్నులే. ఆమె మామగారు గురునాథ్ శెట్టి ఫ్యాక్టరీ నుంచి మూడు జూలాలు థర్మల్‌కు చేరి అప్పటికి నాలుగు రోజులైంది.

రాత్రంతా స్ఫూర్తికి కన్ను మూతపడలేదు. తెల్లారాక ఇంట్లో గొడవ మొదలైంది. గొడవ పిన్నుల గురించి కాదు, రొట్టెల గుడ్డ గురించి.

"ఈ గుడ్డతోని మిక్సీ తుడిచింది ఎవరు?" సౌభాగ్యలక్ష్మి గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. జొన్నరొట్టెలు చుట్టిపెట్టే తెల్లటి గుడ్డ మీద అరచేయంత పసుపు మరక.

"నేను కాదత్తమ్మా."

"మరి నేనా? మీ మామయ్యనా? ఆయనకు మన ఇంట్ల మిక్సీ ఎక్కడుంటదో గూడ తెల్వదు."

"అయ్యమ్మ తుడిచిందేమో."

"అయ్యమ్మ రెండు దినాల సంది పనికే వస్తలేదు. మరక చూస్తే నిన్నటిది. మంచి గుడ్డని నాలుగేండ్ల సంది కాపాడుకుంటొస్తున్న. సబ్బు పెట్టినా పోతదా ఇది?"

హాల్లో పేపరు చదువుతున్న గురునాథ్ తల ఎత్తకుండానే అన్నాడు. "ఒక గుడ్డకు ఇంత పంచాయితీనా? ఇంకో గుడ్డ తీస్కో."

"మీకేంది, మీకు అన్ని గుడ్డలు ఒక్కటే. రొట్టెలు చుట్టేదైనా, కాళ్లు తుడిచేదైనా."

స్ఫూర్తి స్టవ్ ముందు నిలబడి పాలు పొంగకుండా చూస్తోంది. నిన్న రాత్రి చట్నీ చేసిన తర్వాత మిక్సీ తుడిచిన చేయి అప్పుడు గుర్తొచ్చింది. చేయి గుర్తొచ్చింది కానీ ఏ గుడ్డ తీసుకుందో గుర్తు రాలేదు.

"నేనే అత్తమ్మా," అంది. "చూసుకోలేదు."

"చూసుకోకుండ చేసినవా!" అత్తగారు ఆశ్చర్యపోయింది. ఈ కోడలు పప్పు గింజలు కూడా వరసగా పేర్చే మనిషి. "ఒంట్ల బాగలేదా ఏంది? మొకం గట్లున్నది?"

"బాగనే ఉన్న."

స్ఫూర్తి పాలు దించింది. తను చేసిన పని తనకే తెలియకుండా చేయి చేసేయగలదని ఆమెకు అప్పుడే తెలిసింది. టిఫిన్ ముట్టకుండా ఫ్యాక్టరీకి బయలుదేరింది.

ఫ్యాక్టరీ ఊరి బయట ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. గురునాథ్ శెట్టి నలభై ఏళ్ల కిందట గంజ్ దగ్గర చిన్న హార్డ్‌వేర్ దుకాణంతో మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాడు. ఇనుము చూసేది ఆయన. కంప్యూటర్లు చూసేది కొడుకూ కోడలూ. కొడుకు అర్జున్ డ్రాయింగులు గీస్తాడు. అతని సాఫ్ట్‌వేర్‌లో ప్రతి వస్తువు గురించీ ఏ ఉక్కు, ఏ కొలత, ఎన్నిసార్లు మార్చారు, ఎందుకు మార్చారు అన్నీ ఉంటాయి. స్ఫూర్తి చూసేది ప్లానింగ్ సాఫ్ట్‌వేర్. ఒక జూలా చేయాలంటే ఏ సామాను ఎంత కావాలి, స్టోర్‌లో ఎంత ఉంది, ఎంత తెప్పించాలి అని చెప్పేది అది. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అర్జున్ దగ్గరి సామాన్ల పట్టీని తీసి తన దాంట్లోకి దాటించడం మూడేళ్లుగా స్ఫూర్తి పని.

ఆ ఉదయం ఆమె రెండు కంప్యూటర్లలోనూ జూలా పట్టీ తెరిచి పక్కపక్కన పెట్టుకుంది.

తన పట్టీలో పిన్ను నంబరు 4017. పాత నిల్వ ఏడు. కొత్తగా వచ్చినవి పన్నెండు. మూడు జూలాలకు నాలుగేసి చొప్పున ఇచ్చినవి పన్నెండు. మిగిలినవి ఏడు. నిన్న సాయంత్రం డబ్బాలో తను వేలితో తాకుతూ లెక్కపెట్టినవి కూడా ఏడే. అంకెలు ఎక్కడా తప్పలేదు. తప్పి ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడిగేవారు. తప్పలేదు కాబట్టే ఎవరూ అడగలేదు.

అర్జున్ పట్టీలో అదే పిన్ను 4017-సి.

ఆ చివరి అక్షరంలోనే ఉంది అంతా. ఏప్రిల్ దాకా జూలాలో ఇద్దరు ఎక్కేవారు. ఈసారి థర్మల్ వాళ్లు ముగ్గురు ఎక్కేది కావాలన్నారు. అర్జున్ పిన్ను కొలత మార్చలేదు, ఉక్కు మార్చాడు. మెత్త ఇనుము తీసేసి గట్టి ఉక్కు పెట్టాడు. 'సి' అంటే ఆ మార్పు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం అక్షరాలను లెక్కచేయదు. నంబరు ఒకటైతే దాని దృష్టిలో వస్తువూ ఒకటే.

"దీనికి కొత్త నంబరు వెయ్యి," అని అర్జున్ ఆ రోజు చెప్పాడు. ఆమె వేయబోతుంటే మామగారు వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"కొలత మారిందా అమ్మా?"

"లేదు మామయ్యా."

"ఆకారం?"

"లేదు."

"మరి కొత్త నంబరెందుకు? దుకాణం కాలం సంది నలభై ఏండ్లు కొలత పేరు మీదనే అమ్మిన. అర ఇంచు బోల్టంటే అర ఇంచు బోల్టే. ఒక సరుక్కు ఒకటే నంబరు. దానికి నాలుగు పేర్లు పెడితే స్టోర్ల నింగప్ప పరేషాన్ అయితడు."

అప్పుడు స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది. పాతదాని బదులు కొత్తది, కొత్తదాని బదులు పాతది వాడవచ్చా? పక్కన చిన్న గడి. స్ఫూర్తి ఒక్క క్షణం ఆగింది. మామగారు నిలబడే ఉన్నాడు. ఆమె గడిలో గుర్తు పెట్టింది.

ఇప్పుడు ఆ గుర్తు మీద నొక్కితే కింద మూడు విషయాలు కనిపించాయి. తారీఖు, సమయం, స్ఫూర్తి పేరు. గుర్తు పెట్టమన్న మనిషి పేరు అక్కడ ఎక్కడా లేదు.

ఆమె లేచి స్టోర్‌కు వెళ్లింది. నింగప్ప ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో చిట్టీలు సర్దుకుంటున్నాడు.

"నింగప్పా, కొత్త పిన్నులు వచ్చినప్పుడు ఎక్కడ పోసినవ్?"

"ఎక్కడ పోస్తరమ్మా? 4017 డబ్బలనే."

"పాతవి అందులనే ఉన్నయి గద. పక్కకు తీయలేదా?"

"ఎందుకు తీయాలె? నంబరొకటే, కొలత ఒకటే, రెండింటికి తెల్ల పూత ఒకటే. పక్కపక్కన పెడితే వాటి అమ్మ గూడ గుర్తుపట్టది." తన మాటకు తనే నవ్వాడు. ఆమె నవ్వలేదని చూసి ఆపాడు. "ఏమైందమ్మా?"

"జూలాలకు ఇచ్చేటప్పుడు ఎట్ల తీసినవ్?"

"పైనున్నవి తీసిచ్చిన. చేతికొచ్చినవి."

పైనున్నవి. కొత్తవి పైన పోశాడు, పైనున్నవే తీశాడు. అయితే కొత్తవే పోయి ఉండాలి. ఆ ఒక్క ఆశను పట్టుకుని స్ఫూర్తి డబ్బా ఎత్తుకుని షెడ్డులోకి వెళ్లింది.

పంపన్న షెడ్డులో పెద్ద ఫిట్టర్. గిల్లేసూగూరు మనిషి, యాభై దాటాయి. ఇనుమును కంటితో కాదు, నిప్పురవ్వలతో గుర్తుపడతాడని పేరు. ఆమె చెప్పిందంతా విన్నాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని గ్రైండర్ స్విచ్ వేశాడు.

"మెత్త ఇనుముదైతే రవ్వలు పొడుగ్గ, ఎండుగడ్డి రంగుల, తీగల లెక్క పోతయమ్మా. గట్టి ఉక్కైతే పొట్టిగ, ఎర్రగ వచ్చి కొసకు పువ్వులు పూస్తయి. మీరు గూడ చూడుండ్రి. నా ఒక్కని కండ్లను నమ్మకండి."

ఇది తిరగబడిన లెక్క. డబ్బాలో మిగిలిన ఏడూ పాతవైతే, పోయిన పన్నెండూ కొత్తవే. ఇక్కడ ఎన్ని మెత్తవి దొరికితే అక్కడ మనుషులకు అంత క్షేమం.

మొదటి పిన్ను తల రాయికి ఆనించాడు. పొడుగాటి లేత పసుపు తీగలు.

"పాతది," అన్నాడు పంపన్న.

రెండోది. తీగలే. మూడోది. తీగలే. నాలుగోదానికి ఆమె ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టింది. ఐదోది పాతది. ఆరోది పాతది. షెడ్డులో మిగతా మెషిన్లు ఎప్పుడు ఆగాయో గాని, పనివాళ్లు ముగ్గురు నలుగురు వెనక వచ్చి నిలబడ్డారు.

పంపన్న ఏడో పిన్ను తీసుకుని ఎందుకో ఒకసారి వేళ్ల మధ్య తిప్పాడు. రాయికి ఆనించాడు.

పొట్టిగా, ఎర్రగా రవ్వలు లేచాయి. వాటి కొసన చిన్న చిన్న పువ్వులు విచ్చుకున్నాయి.

"ఇంకోసారి పెట్టు పంపన్నా."

పెట్టాడు. మళ్లీ పువ్వులే.

"ఇంకొక్కసారి."

"ఎన్నిసార్లు పెడితే ఏందమ్మా. ఇనుము మాట మారుస్తదా?" స్విచ్ ఆపాడు. రాయి తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించింది.

ఒక కొత్త పిన్ను ఇక్కడ ఉండిపోయింది. అంటే ఒక పాత పిన్ను అక్కడికి పోయింది. మూడు జూలాల్లో ఏ జూలాకు, నాలుగు మూలల్లో ఏ మూలకు, ఎవరికీ తెలియదు. చూసి చెప్పడానికి లేదు, తాకి చెప్పడానికి లేదు.

పంపన్న పక్కనున్న ఇనుప పెట్టె మీద కూర్చున్నాడు. "మా అంబరీశ్ ఈ దినం ఎక్కుతడమ్మా. నాలుగ్గంటలకు."

అంబరీశ్ అతని అల్లుడు. కూతురు అక్షతను ఇచ్చి ఏడాది కాలేదు. థర్మల్‌లో రిపేరు కాంట్రాక్టరు దగ్గర జూలా ఎక్కే ముగ్గురిలో అతనొకడు. ఎక్కితే బాయిలర్ లోపల పదిహేను అంతస్తుల ఎత్తు. కింద చీకటి.

స్ఫూర్తి వెంటనే కాంట్రాక్టరు సూపర్‌వైజర్ జయరామయ్యకు ఫోన్ చేసింది. మాటలు తడబడ్డాయి. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"చూడమ్మా, మీ కంపెనీ సర్టిఫికెట్ నా ఫైల్లో ఉంది. పన్నెండు పిన్నులు కొత్త ఉక్కువే అని మీ ఇంజినీరే సంతకం పెట్టాడు. ఇప్పుడు నువ్వు ఫోన్లో కాదంటావు. నువ్వెవరో నాకెట్లా తెలుసు? సంతకం పెట్టినాయన సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నా అని కాగితం ఇవ్వమను. కాగితం చేతికొచ్చిన నిమిషం ఆపేస్తా. ఫోన్ మాట మీద ఆపితే పైవాళ్లకు నేనేం చెప్పుకోను?"

సంతకం పెట్టినాయన అర్జున్.

ఆఫీసు గదిలో గురునాథ్ కుర్చీలో ఉన్నాడు. అర్జున్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. పంపన్న తలుపు దగ్గరే ఆగాడు. స్ఫూర్తి ఏడో పిన్నును బల్ల మీద పెట్టి అంతా చెప్పింది.

గురునాథ్ పిన్నును చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "ఒక్కటి," అన్నాడు. "పన్నెండింటిల ఒక్కటి."

"ఒక్కటి చాలదా మామయ్యా?"

"జూలాకు నాలుగు పిన్నులు. ఒకటి మెత్తదైతే మూడు గట్టివి ఉన్నయి గద. ఏం రా అర్జున్, విరుగుతదా? చెప్పు."

అర్జున్ తల అడ్డంగా ఊపాడు. "చెప్పలేను నాయినా. ఈ దినం విరగకపోవచ్చు. ముందు వంగుతది. వంగినంక ఎన్నిసార్లకు తెగుతదో నేను చెప్పలేను. ముగ్గురు మనుషులు, సామాన్లు. నేను లెక్క కట్టింది నాలుగూ గట్టివని."

"చెప్పలేను అంటున్నవు. విరుగుతది అంటలేవు."

"విరగదు అని గూడ అంటలేను."

గొంతు లేవలేదు. తండ్రి ముందు అర్జున్ గొంతు ఎప్పుడూ లేవదు. గురునాథ్ కోడలి వైపు తిరిగాడు. ఆయన కోప్పడతాడని ఆమె ఎదురుచూసింది. ఆయన మెత్తగా మాట్లాడాడు. దాంతో ఇంకా భయం వేసింది.

"కూసో అమ్మా. కాగితం ఇస్తే ఏమైతదో ఆలోచించినవా? మళ్ల థర్మల్ గేటు లోపలికి మన పేరు పోదు. అది నేను ఓర్చుకుంట. వాళ్లు ఊకుంటరా? ఎట్ల జరిగిందని అడుగుతరు. కంప్యూటర్ తెరవమంటరు. ఆ గుర్తు కింద ఎవరి పేరున్నది?"

ఆయనే జవాబిచ్చాడు.

"నీ పేరున్నది. నేను చెప్పిన, నిజమే. నేను చెప్పినట్టు అందుల రాసి ఉన్నదా? ఎవనికన్న ఏమన్న అయిందని కేసు పెడితే స్టేషన్‌కు పిలిచేది నిన్ను. నా ఇంటి కోడల్ని. రాసిచ్చినంక అది మన చేతుల ఉండదు బిడ్డా."

ఆ మాట ఆమెకు రాత్రి నుంచీ తెలుసు. ఇంకొకరి నోట వినడం వేరు. మానవి ఊళ్లో తహసీల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన తండ్రి గుర్తొచ్చాడు. పోలీసు జీపు వీధిలోకి వస్తేనే తలుపు వేసుకునే మనిషి ఆయన.

గురునాథ్ పంపన్నను దగ్గరికి పిలిచాడు. "పంపన్నా, నీ అల్లునికి ఫోన్ చెయ్. కడుపునొప్పి అని చెప్పి ఈ దినం ఎక్కకుమను. ఆదివారం పని బందు ఉంటది. సర్వీసింగ్ అని చెప్పి నువ్వూ అర్జునూ పోయి పన్నెండూ మార్చేసి రాండి. ఈ లోపల కొత్తవి హైదరాబాద్ నుంచి తెప్పిస్త. ఎవరికి తెల్వది. ఎవరికి ఏం కాదు."

పంపన్న చేతులు కట్టుకునే నిలబడ్డాడు. "ఈ దినం ఏ వారం శెట్రే?"

"గురువారం."

"మా వాడు తప్పుకుంటే వాని జాగల ఇంకొకడు ఎక్కుతడు గద. గేటు బయట పది మంది కాసుకోనుంటరు. మూడు దినాలు ఎవడో ఒకడు ఎక్కుతనే ఉంటడు. వాడు ఎవరి అల్లుడో నేను యాడ పోయి అడగాలె?"

"నీ ఇంటి దీపం ముందు చూసుకో పంపన్నా."

"చూసుకుంటున్న శెట్రే. అక్షతకు ఈ మాట ఎట్ల చెప్పాలె అని గూడ చూసుకుంటున్న." అతను కళ్లు దించలేదు. "పిన్నులు బిగించింది ఈ చేతులే. మీరు కాగితం ఇయ్యకపోతే ఈ చేతులకు నిద్ర ఎట్ల పడతది?"

గురునాథ్ వాచీ చూసుకున్నాడు. "ఒకటిన్నర అయింది. పోయి అన్నం తిని మాట్లాడుదాం. కడుపు కాలుతుంటే బుద్ధి పనిచేయది."

పదేళ్లుగా ఆయన ఒకటిన్నరకు ఇంట్లో భోంచేస్తాడు. స్ఫూర్తికి మాత్రం ఆ మాటలో ఇంకొకటి వినిపించింది. తిని మాట్లాడుకుని మళ్లీ ఫ్యాక్టరీకి వచ్చేసరికి నాలుగవుతుంది. నాలుగు దాటాక నిర్ణయించేది ఏమీ ఉండదు.

ఆయన కారు దగ్గరికి వెళ్లాడు. ఆమె బల్ల దగ్గర ఆగి తెల్లకాగితం లాక్కుంది. చేతిరాత ఎప్పుడూ ముత్యాల్లా ఉండే మనిషి, మొదటి కాగితం చించేసి రెండోది తీసుకోవలసి వచ్చింది. నాలుగే వాక్యాలు. పన్నెండు పిన్నుల్లో ఒకటి పాత ఇనుముది. ఏదో తెలియదు కాబట్టి మూడు జూలాలూ దించాలి. పట్టీ దాటించేటప్పుడు పాతదీ కొత్తదీ ఒకటేనని గుర్తు పెట్టింది నేను. సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నాం. కింద తన సంతకం పెట్టింది. దాని పక్కన అర్జున్ పేరు రాసి పైన జాగా వదిలింది. కాగితం మడిచి కొంగులో దోపుకుంది.

"పంపన్నా, నీ బండి తీసుకోని మా వీధి మలుపు దగ్గర ఉండు," అంది బయటికి వస్తూ. ఎందుకని అతను అడగలేదు.

ఇంట్లో సౌభాగ్యలక్ష్మి కంచాలు పెట్టి సిద్ధంగా ఉంది. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ, పెరుగు. గురునాథ్ కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అర్జున్ కూర్చున్నాడు. స్ఫూర్తి కూడా వాళ్ల ఎదురుగా కంచం ముందు కూర్చుంది. రోజూ అత్తగారితో కలిసి తర్వాత తినే కోడలు ఈ రోజు ముందే కూర్చోవడం చూసి సౌభాగ్యలక్ష్మి గరిటె పట్టుకుని ఒక క్షణం నిలబడిపోయింది.

"ఏమైంది?" అంది.

గురునాథ్ కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ ఏడు కాలువ నీళ్లు జల్దీ ఒదిలిండ్రంట," అన్నాడు గురునాథ్ రొట్టె తుంచుతూ. "వరికి మంచిగుంటది."

"నేను అడిగింది వరి సంగతి కాదు. పొద్దుగాల చూస్తే కోడలి మొకంల నెత్తురు లేదు. ఇప్పుడు చూస్తే కొడుకు మొకంల లేదు. మీరేమో వరి అంటున్నరు."

"ఫ్యాక్టరీ ముచ్చట. నీకు తెల్వది."

"చెప్తే తెలుస్తది."

గురునాథ్ వినిపించుకోలేదు. గోడ గడియారంలో రెండుకు పది నిమిషాలు తక్కువ. అర్జున్ రొట్టె ముక్కను పప్పులో ముంచి అలాగే ఉంచాడు. స్ఫూర్తి కొంగులోని కాగితాన్ని తాకి చూసుకుంది. ఎలా మొదలుపెట్టాలి? మామగారి ముందు ఆమె ఇంతవరకు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ రోజు కుర్చీ పక్కన ఆయన నిలబడి ఉన్నప్పుడు కూడా చెప్పలేదు.

ఫోన్ మోగింది. పంపన్న.

"అమ్మా," అతను పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతున్నాడు. "అల్లునికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పిన. బయటికి రా అన్న. రానంటున్నడు. తాను తప్పుకుంటే తెల్వనోడు ఎవడో ఎక్కుతడంట. తనకు తెలుసు కాబట్టి పిన్నులను చూసుకుంట నిలబడుతడంట. ఆగుమంటే వినలేదు. టైము గూడ మారిందమ్మా. నాలుగు కాదు. మూడింటికే ఎక్కిస్తున్నరంట. ఫోన్లు గేట్ల ఇచ్చి లోపలికి పోతున్నం అన్నడు. పెట్టేసిండు. మళ్ల చేస్తే కలుస్తలేదు."

స్పీకర్ నొక్కి ఉన్న ఫోన్‌ను ఆమె నేల మీద పెట్టింది. ఆ మాటలు గదిలో అందరికీ వినిపించాయి. సౌభాగ్యలక్ష్మి చేతిలోని గరిటె గిన్నెలోకి జారింది.

"ఎవరు ఎక్కుతున్నరు? ఏం ఎక్కుతున్నరు?"

స్ఫూర్తి లేచి నిలబడింది. కొంగులోంచి కాగితం తీసి మడత విప్పి అర్జున్ కంచం పక్కన పెట్టింది. కాగితం మీద పెన్ను పెట్టింది.

గురునాథ్ కాగితం వైపు చూడలేదు. కోడలి వైపే చూశాడు. "ఆ కాగితం గడప దాటితే, ఫ్యాక్టరీల నీ కుర్చీ ఉండది స్ఫూర్తీ. అది చిన్న మాట. నిన్ను స్టేషన్‌కు పిలిచిన దినం నీ పక్కన నిలబడనీకె నేను గూడ ఉండను."

"తెలుసు మామయ్యా." "నాకు శాన భయమైతుంది. స్టేషన్ అంటే భయమైతుంది. మీరంటే గూడ భయమే. ఆ దినం మీరు పక్కన నిలబడితే భయపడే గుర్తు పెట్టిన. ఇంకొకసారి భయపడి కూసుంటే ఆ ముగ్గురూ ఎక్కుతరు."

అర్జున్ ఎడమచేయి పెన్ను దాకా వచ్చి ఆగింది. కుడిచేతి వేళ్లకు పప్పు. అతను తండ్రి ముఖంలోకి చూశాడు, కాగితంలోకి చూశాడు. పెన్ను కదల్లేదు. గడియారం రెండు కొట్టింది.

స్ఫూర్తి ఇంకొక్క నిమిషం కూడా ఆగలేదు. వంగి కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. సంతకం జాగా ఇంకా ఖాళీగానే ఉంది.

"నేను థర్మల్‌కు పోతున్న," అంది అందరికీ వినబడేలా. "ఈ కాగితం ఎట్లుంటే గట్లనే పట్టుకోని పోతున్న. సంతకం లేదని గేట్ల ఆపితే గేట్లనే కూసుంట, జయరామయ్య బయటికొచ్చేదాక కూసుంట. మూడింటికి ముందు చేరాలె. అత్తమ్మా, నా రొట్టె తీసి ఎవరికన్న పెట్టుండ్రి. నేను ఎప్పుడొస్తనో నాకు తెల్వది."